నాలుగో గడి

మా విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా ఒక టేకు బోర్డు కనిపిస్తుంది. నెత్తిన ‘పూర్వ ఉపకులపతులు’ అని పసుపు అక్షరాలు, కింద మూడు గళ్లు: పేరు, నుండి, వరకు. ఇన్నేళ్లలో దాన్ని పనిగట్టుకుని చదివిన మనిషిని నేను చూడలేదు. లిఫ్టు పనిచెయ్యదు గనుక ఆయాసం తీరేదాకా దాని ముందు నిలబడతాం. అంతవరకే దానికీ మనకూ సంబంధం.

ఇప్పుడా బోర్డుకి నాలుగో గడి వచ్చింది. దాని పేరు ‘వివరము’. మూడు నెలలుగా నాకు అన్నం సయించకపోవడానికి కారణం ఆ గడి.

ముందుగా ఒక మనవి. ఇది ఏ విశ్వవిద్యాలయం అని ఆరా తియ్యకండి. ఉన్నవాటిలో వెతికితే దొరకదు. శ్రీకాకుళానికీ విజయనగరానికీ నడుమ, జాతీయ రహదారికి కాస్త లోపలగా, జీడితోటల మధ్య నేనే కట్టుకున్నాను దీన్ని, ఈ వ్యాసం కోసం. భూసేకరణ గొడవ లేదు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న రగడ లేదు. ఒక్క రూపాయి ప్రజాధనం ఖర్చు కాలేదు. కాబట్టి ఉత్తరాంధ్రలో ఇంత నిష్కళంకంగా నిర్మాణమైన విద్యాసంస్థ ఇదొక్కటే అని ధైర్యంగా చెప్పగలను. కట్టాక మాత్రం అన్నిటిలాగే తయారైంది. అది నా చేతిలో లేదు.

సరే. మొన్నటి వీసీగారు వెళ్లిపోయారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఛాంబర్లో కుర్చీ ఖాళీగా ఉంది, షెడ్డులో కారుంది, బంగళాలో ఇన్వర్టరు బ్యాటరీ లేదు. మూడూ గట్టి సాక్ష్యాలే. ఎలా వెళ్లారన్నదే తేలలేదు.

ఎందుకు వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు. తాత్కాలిక అధ్యాపకుల పోస్టులకు రేట్ల పట్టిక, అవసరానికి మించి కొన్న జవాబు పత్రాలు, అవి దాచడానికి అద్దెకు తీసుకున్న గోడౌను, ఆ గోడౌను యజమాని ఎవరికి బావమరిది అవుతాడన్న సంగతి, రీసెర్చి స్కాలర్ల చేత ఇంటికి కూరగాయలు తెప్పించుకోవడం. ఇవన్నీ మీరు పేపర్లో చదివారు. చదివి, ‘మా దగ్గర ఇంకా ఎక్కువే’ అనుకుని మడిచి పక్కన పడేశారు.

ఆయన రాజీనామా లేఖ మీద తేదీ బుధవారం. కారణం: అనారోగ్యం. బాధ్యతల నుంచి తప్పిస్తూ వచ్చిన ఉత్తర్వు మీద తేదీ గురువారం. లేఖ మీద ఇన్‌వార్డు సెక్షన్ ముద్ర పడింది శుక్రవారం. శనివారం రిజిస్ట్రారుగారు పంచిన ఆహ్వాన పత్రికలో ఉన్నది ‘పదవీ విరమణ సందర్భంగా ఆత్మీయ సత్కారం’. వీసీ ఛాంబరుకీ ఇన్‌వార్డు సెక్షనుకీ మధ్య ఉన్నవి పద్నాలుగు మెట్లు. పద్నాలుగు మెట్లు దిగడానికి ఒక కాగితానికి రెండు రోజులెందుకు పట్టిందని పత్రికలవాళ్లు అనుమానంగా అడుగుతున్నారు. మా విశ్వవిద్యాలయంలో ఫైళ్ల నడక వాళ్లకు తెలియదు పాపం. నా పెన్షన్ ఫైలు అదే మెట్ల మీద ఏడాదిన్నరగా దిగుతోంది. రెండు రోజుల్లో దిగిన కాగితం ఇదొక్కటే.

అనారోగ్యం మాటకొస్తే, లేఖ రాసిన బుధవారం ఆయన ఒక్కరోజులో మూడు సన్మానాలు చేయించుకున్నారు. మూడు పొందూరు ఖద్దరు కండువాలు కప్పించుకుని, మందస కోవా తిని, ‘విలువలు’ అన్న అంశం మీద గంటంపావు మాట్లాడారు. విన్నవాళ్ల ఆరోగ్యం గురించైతే నేను పూచీ పడలేను.

ఈ చిక్కుముడి విప్పడానికి విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. పేరు ‘ఆత్మపరిశీలన కమిటీ’. అయిదుగురు సభ్యులు. సిట్టింగుకి ఇంత అని ఫీజు, టీఏ, డీఏ, మధ్యాహ్నం భోజనం. ఆ అయిదుగురిలో ఒకాయన వీసీగారికి గొడుగు పట్టినవాడు. మాటవరసకి కాదు, నిజంగానే పట్టాడు, ఫొటో ఉంది. ఇంకొకాయన ఆయన్ని ‘అపర భగీరథుడు’ అని వేదిక మీద పొగిడినవాడు. అంతకుముందు రోజే క్యాంపస్‌లో బోరు ఎండిపోయింది. మిగిలిన ముగ్గురూ సంతకాలు పెట్టినవాళ్లు. ఏ ఫైలు మీద అని అడక్కండి. ఏది పెడితే దాని మీద.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్లకు తెలుసు. విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోటకీ, కోట నుంచి గుడికీ మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్లు విసురుతారు. పైన కూర్చున్నది ఎవరో, ఎందుకు కూర్చున్నాడో కింద ఉన్న లక్షల మందికీ తెలుసు. ఆయన దిగాక, ‘అసలీయన అంత పైకి ఎలా వెళ్లాడబ్బా’ అని మాను లాగినవాళ్లే విచారణ వెయ్యరు. మావాళ్లు వేశారు. చేతులకింకా తాడు ఒరుసుకున్న గాయాలు మానలేదు, అయినా వేశారు.

కమిటీ మొదటి తీర్మానమే ఈ నాలుగో గడి. ‘చరిత్రకు పారదర్శకత అవసరం’ అని మినిట్స్‌లో రాసుకున్నారు. ప్రతి ఉపకులపతి పేరు పక్కనా ఆయన ఎలా వెళ్లారో రాయాలి. పాతవాళ్లందరికీ ‘పదవీకాలం పూర్తి’ అని సరిపోయింది. చివరి పేరు దగ్గరే కుంచె ఆగింది.

ఆ ఆగడం నేను కళ్లారా చూశాను. పెన్షన్ ఫైలు కోసం ఆ బోర్డు కిందున్న బల్ల మీదే కూర్చుంటాను గనుక మొదటి నుంచీ సాక్షిని. పెయింటరు ఆమదాలవలస నుంచి వచ్చాడు. నిచ్చెన వేశాడు, సుద్దతాడుతో గీతలు కొట్టుకున్నాడు, మూత తీసి రంగు కలిపాడు.

‘ఏటి రాయాలండి?’ అన్నాడు.

‘రాజీనామా’ అన్నారు రిజిస్ట్రారుగారు, టీకి పురమాయించినంత తేలిగ్గా.

అతను ‘రా’ రాశాడు. ముత్యంలాంటి అక్షరం. దీర్ఘం దగ్గర కుంచె తిప్పిన తీరు చూస్తే ముచ్చటేసింది. సరిగ్గా అప్పుడు రిజిస్ట్రారుగారి ఫోను మోగింది. ఆయన లేచి నిలబడి మాట్లాడారు కాబట్టి అవతల ఉన్నది పైవాళ్లని అర్థమైంది. ఫోను పెట్టేసి, ‘ఆపు’ అన్నారు.

పెయింటరు ఆపాడు. అది జరిగి మూడు నెలలు.

అప్పటినుంచి పదకొండు సిట్టింగులయ్యాయి. ‘తొలగింపు’ అని రాయమని ఒకాయన మొదటి రోజే అన్నాడట. అన్నవాడు కొత్తగా చేరినవాడు, అందుకే అన్నాడు. ఆ గురువారం వీసీగారు సంతకం చేసిన ఫైళ్లు నలభై ఒకటి. అందులో మూడు కమిటీ సభ్యుల ప్రమోషన్లవే. ఆయన్ని గురువారం పొద్దున తొలగించినట్టైతే మధ్యాహ్నం పెట్టిన సంతకాలు ఎవరివి? ఈ ప్రశ్న వేసుకోగానే సభ్యులకు ‘తొలగింపు’ అన్న మాటలో ఒక రకమైన అమానవీయత కనిపించిందని మినిట్స్ చెబుతున్నాయి.

‘తప్పుకున్నారు’ అందామన్నారు ఇంకొకరు. దాన్ని మాజీ వీసీగారి లాయరు ఒప్పుకోలేదు. మాటలోనే తప్పు ఉందన్నాడు.

‘స్వచ్ఛంద పదవీ విరమణ’ అన్నారు. అకౌంట్స్ ఆఫీసరు లెక్కపెట్టాడు. పది అక్షరాలు. పెయింటరుది అక్షరానికి రేటు. ‘వత్తులకి వేరే తీసుకుంటావా?’ అని అడిగించాడు. ‘వత్తులు మామూలేనండి, గాని ఆ చకారం కింద ఛకారానికి సన్న కుంచె కావాల’ అని జవాబొచ్చింది. సన్న కుంచె కొనుగోలుకి మూడు కొటేషన్లు కావాలన్నారు. గోడౌన్ నిండా జవాబు పత్రాలు కొన్ననాడు కొటేషన్ల ఊసే ఎత్తని ఆఫీసు ఇదే.

ఎస్టేట్ ఆఫీసరు పొదుపరి. ‘ఇంత గొడవెందుకు, పోయారు అని రాసేస్తే మూడక్షరాలతో సరి’ అన్నాడు. సభ నిశ్శబ్దమైపోయింది. అలా రాస్తే ఫొటోకి దండ కూడా వెయ్యాల్సి వస్తుందని ఎవరో గుర్తుచేశారు. ఆ దండ బిల్లు ఏ పద్దు కింద చూపించాలన్న చర్చ భోజనాల దాకా నడిచింది.

తెలుగు శాఖాధిపతి సలహా మాత్రం నిజంగా పండితుడి సలహా. ‘ఉద్వాసన’ అన్నారాయన. ఉద్యోగంలోంచి వెళ్లగొడితే ఉద్వాసనే, వినాయకుడికి పూజ చేసి సాగనంపినా ఉద్వాసనే. కోపమున్నవాడు అలా చదువుకుంటాడు, భక్తి ఉన్నవాడు ఇలా చదువుకుంటాడు, గోడ మీద నాలుగక్షరాలే. చప్పట్లు కొట్టారట. సాయంత్రానికి మాజీ వీసీగారి దగ్గర్నుంచి అభ్యంతరం వచ్చింది. ఉద్వాసన తరవాత నిమజ్జనం ఉంటుంది, నాగావళి దగ్గర్లోనే ఉంది, కనుక ఆ పదం తన భద్రతకు ముప్పు అని.

చివరికి న్యాయశాస్త్రం ప్రొఫెసరు, ‘వివాదం తేలేదాకా గడిలో అడ్డగీత గీసి వదిలేద్దాం’ అన్నాడు. మళ్లీ కబురెళ్లింది. పెయింటరు నా పక్కన బల్ల మీద కూర్చుని బీడీ వెలిగించబోయి, గోడ మీది హెచ్చరిక చూసి చెవిలో పెట్టుకున్నాడు.

‘గీతంటే అచ్చరం కన్నా కష్టం మేస్టారూ. తిన్నగా రావాల. అచ్చరం వంకరైతే సొగసంటారు, గీత వంకరైతే పనోడి తప్పంటారు. అయినా నాకు తెల్వక అడుగుతాను, ఆయన ఎలిపోనాడా, ఎల్లగొట్టినారా?’

‘అదే తేల్చడానికి కమిటీ వేశారు నాయనా.’

‘ఆయనకి తెల్దేటి?’

ఈ ప్రశ్న పదకొండు సిట్టింగుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఇక్కడ నాకు ఒక పాత బోర్డు గుర్తొచ్చి మనసు పాడవుతోంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అదే ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో పుట్టింది. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో తెల్లప్రభుత్వం జనం మీద లాఠీలు విరగ్గొడుతుంటే, ఆ ప్రభుత్వం కింద ఈ కుర్చీలో కూర్చోనని 1930లో రాజీనామా ఇచ్చాడు. తరవాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, 1931 నుంచి 1936 దాకా ఉన్నారు. 1936లో కట్టమంచి మళ్లీ వచ్చి 1949 దాకా నడిపారు. వెళ్లడమూ తెలిసింది, రావడమూ తెలిసింది. అలాంటి పేరు పక్కన నాలుగో గడి పెట్టినా దాన్ని నింపడానికి టీఏ, డీఏ అక్కర్లేదు. ‘రాజీనామా’ అన్న మాటకి ఒకప్పుడు వెన్నెముక ఉండేది. ఇప్పుడది వెన్నునొప్పి మెడికల్ సర్టిఫికెట్‌తో జతచేసి పంపే కాగితం.

విదేశాల మాట ఎత్తితే మన మేధావులకి తృప్తి గనుక అదీ ఒకటి చెబుతాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు మార్క్ టెస్సియర్-లవీన్ అని పెద్ద మెదడు శాస్త్రవేత్త. ఆయన పాత పరిశోధనా పత్రాల్లో తేడాలున్నాయని అక్కడి విద్యార్థుల పత్రిక 2022లో బయటపెట్టింది. రాసింది మొదటి సంవత్సరం కుర్రాడు. నిపుణులతో విచారణ చేయించారు. ఆయన స్వయంగా తప్పుడు ఫలితాలు సృష్టించలేదని తేల్చారు. తప్పులు తెలిశాక వాటిని సరిదిద్దాల్సినంత గట్టిగా సరిదిద్దలేదన్నారు. నివేదిక 2023 జులైలో లోకమంతా చదువుకునేలా పెట్టారు. అదే రోజు ఆయన తప్పుకుంటున్నానని చెప్పి, ఆగస్టు నెలాఖరుకి దిగిపోయాడు. అక్కడంతా పుణ్యాత్ములే అని నేననడం లేదు, దిగిపోయాక కూడా ఆయన అక్కడే ప్రొఫెసరుగా కొనసాగాడు. నా బాధల్లా మొదటి సంవత్సరం కుర్రాడి గురించే. మా దగ్గర మొదటి సంవత్సరం కుర్రాడు వీసీ గురించి ఒక్క ముక్క రాస్తే వాడికి రెండో సంవత్సరం ఉండదు.

మా నివేదిక సీల్డు కవరులో ఉంది. కవరు బీరువాలో ఉంది. బీరువా తాళం సెలవులో ఉంది. పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద నేను ఒక్కటే ప్రశ్న అడిగాను: ‘వీసీగారు ఎలా వెళ్లారు?’ ముప్పై రోజుల గడువులో ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. 8(1)(హెచ్) ప్రకారం విచారణకు ఆటంకం, 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారం, ఇది చాలదేమోనని మూడో పక్షం అభ్యంతరం కూడా. ఒక మనిషి ప్రభుత్వ కుర్చీలోంచి లేవడం ఆయన వ్యక్తిగత విషయమట. కూర్చున్నప్పుడు మాత్రం ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు.

ఇంతవరకూ నేను నవ్వుతూనే రాస్తున్నాను. విశ్వవిద్యాలయాన్ని నేనే కట్టానని చెప్పాను, వీసీనీ నేనే నియమించానని ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు చెప్పబోయే అమ్మాయిని నేను కల్పించలేదు. ఆమె ప్రతి క్యాంపస్‌లోనూ ఉంది. మీరు చదివిన చోటా ఉంది, మీరు పాఠం చెప్పిన చోటా ఉంది, నేను చెప్పిన చోటా ఉంది.

వంశధార అవతలి ఊరు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, తెచ్చుకుంది. ఆ ఊళ్లో దానికి టపాసులు కాల్చారు, అదేమిటో తెలియకపోయినా. ఏడు నెలలు ఫెలోషిప్ బిల్లు మీద సంతకం పడలేదు. అడగడానికి వెళ్తే, సంతకం కావాలంటే సాయంత్రం గెస్ట్‌హౌస్‌కి రా, ఒక్కదానివే రా, అన్నాడు ఆ పెద్దమనిషి. ఆమె వెళ్లలేదు. కాగితం మీద ఫిర్యాదు రాసింది. తేదీ వేసింది, సంతకం పెట్టింది, ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకుంది. ఈ మొత్తం కథలో తేదీకీ ముద్రకీ మధ్య తేడా లేని కాగితం అదొక్కటే.

పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. మా కమిటీ పేర్లు నోటీసుబోర్డు మీద ఉన్నాయి. అధ్యక్షురాలు రిటైరై హైదరాబాదులో మనవల్ని ఆడిస్తోంది. బయటి సభ్యురాలికి తాను సభ్యురాలినన్న సంగతే తెలియదు. సంస్థ పెద్ద మీదే ఫిర్యాదైతే జిల్లాలో కలెక్టరు వేసే స్థానిక కమిటీ దగ్గరికి వెళ్లొచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఆ ముక్క ఆమెకు చెప్పినవాడు ఒక్కడూ లేడు. నేనూ చెప్పలేదు. బోర్డు కింద బల్ల మీద కూర్చుని, ఎర్రబడ్డ కళ్లతో ఆమె మెట్లు దిగిపోవడం చూశాను. నా పెన్షన్ ఫైలు మీద పడాల్సిన సంతకం కూడా ఆయనదే.

తొంభై రోజుల్లో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో తెలుసా? ఒక్కసారి కూడా కూర్చోలేదు. గోడ మీద ఒక మాట రాయడానికి పదకొండుసార్లు కూర్చున్నార్రా! భోజనాలు చేసి మరీ కూర్చున్నారు! ఆయన ‘వెళ్లారా, పంపారా, తప్పుకున్నారా, తప్పించారా’ అని నిఘంటువులు తిరగేశారు. ఆయన గౌరవానికి గీత కూడా వంకర కాకూడదన్నారు. ఆ పిల్ల ఎలా వెళ్లిందో ఒక్కడు అడిగాడా? హాస్టల్ రూము ఖాళీ చేసి, పుస్తకాలు ఎరువు బస్తాలో కట్టుకుని, ‘నో డ్యూస్’ కోసం నాలుగు సెక్షన్లు తిరిగి, రెండు నెలల మెస్సు బాకీ ఉందని వాళ్ల నాన్నకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు అందుకుని వెళ్లింది. బాకీ ఉన్నది ఎవరు? ఏడు నెలల ఫెలోషిప్ ఎగ్గొట్టినవాళ్లు ఆమెకి బాకీ నోటీసు పంపారు. సిగ్గుండాలి.

స్కాలర్ల రిజిస్టరులో ఆమె పేరు పక్కన కూడా ఒక గడి ఉంది. గుమాస్తా అందులో ‘డిస్‌కంటిన్యూడ్’ అని రాశాడు. బాల్‌పెన్నుతో, ఒక్క నిమిషంలో. ఎవరికీ ఫోను రాలేదు. ఎవరూ ‘ఆపు’ అనలేదు.

నిన్న మళ్లీ మెట్లెక్కాను. లిఫ్టు సంగతి మామూలే. పన్నెండో సిట్టింగు వాయిదా పడిందన్నారు. కొత్త వీసీ కోసం నోటిఫికేషన్ వచ్చిందట, సెర్చ్ కమిటీ మూడు పేర్ల ప్యానెల్ ఇవ్వాలి, అందరూ ఆ హడావిడిలో ఉన్నారు. పాతాయన కూడా దరఖాస్తు పెట్టుకున్నారట. అనుభవం ఉన్న చోట ఎన్నేళ్లు, ఏ హోదాలో పనిచేశారో రాసి, ‘విడిచిపెట్టడానికి కారణం’ అన్న చోట ‘విశ్వవిద్యాలయ పరిశీలనలో ఉంది’ అని నింపారట. అబద్ధం కాదు.

బోర్డు వైపు చూశాను. ఆయన పేరు, ఏ తేదీ నుండి, ఏ తేదీ వరకు, నాలుగో గడిలో పసుపు రంగులో నిగనిగలాడుతూ ఒక్కటే అక్షరం.

రా.

పెయింటరు బల్ల చివర కూర్చునున్నాడు. పని పూర్తయినట్టు సర్టిఫికెట్ లేనిదే బిల్లు పాస్ కాదన్నారట.

‘ఒక్క అచ్చరం డబ్బులైనా ఇప్పించండి మేస్టారూ’ అన్నాడు. ‘ఆయనొచ్చేస్తే మరి నాకెవులిస్తారు?’